పెద్దావిడకి కొత్త దీపం

సొరంగం క్యాంపు,
శనివారం

చిరంజీవి బావమరిదికి,

బావ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. కొండకి ఇటువైపు నుంచి మేం తవ్వుతున్నాం, అటువైపు నుంచి వాళ్లు తవ్వుతున్నారు. మధ్యలో ఎక్కడో కలవాలి. కలుస్తామా లేదా అన్నది సర్వేయర్‌గా నా కొలతల మీద ఆధారపడి ఉంది కాబట్టి కంటి మీద కునుకు లేదు. ఫోన్లు పనిచేయవు. పదిహేను రోజులకో శనివారం సరుకుల లారీ వస్తుంది, రెండు గంటలు ఆగి వెళ్లిపోతుంది. ఉత్తరాలు తెచ్చేదీ, పట్టుకెళ్లేదీ అదే.

ఇక అసలు సంగతి. నేను బయల్దేరే ముందురోజు మా పగడాల తొట్టె మీదున్న రెండు దీపాల్లో ఒకటి ఠప్పున పేలిపోయింది, నీకు తెలుసు. ఆ రకం బల్బులు చెయ్యడమే మానేశారని అక్వేరియం దుకాణం ఆయన చేతులెత్తేశాడు. అందుకని కొత్త ఎల్‌ఈడీ ప్యానెల్ ఒకటి ఆర్డరిచ్చి వచ్చాను. ఈ వారంలో ఇంటికి చేరుతుంది. దాన్ని నువ్వు బిగించాలి. ఇరవై ఏళ్లుగా నాటకాలకి లైట్లు వేస్తున్నవాడివి, నీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అయినా చెప్తాను.

నీళ్లకి మూరెడు ఎత్తున వేలాడదియ్యి. వంకర ఉండకూడదు. నా బల్ల సొరుగులో రసమట్టం ఉంది, బుడగ మధ్యకి వచ్చేదాకా వదలకు. ప్యానెల్‌కి సున్నా నుంచి వంద దాకా అంకెలున్న రెండు నాబ్‌లుంటాయి, ఒకటి నీలానికి, ఒకటి తెలుపుకి. రోజుకి ఎనిమిది గంటలు వెలగాలి. వెలుతురు నెమ్మదిగా పెంచు. ఇదొక్కటీ గుర్తుపెట్టుకో.

తొట్టె మధ్యలో రాయి మీద కూర్చున్న కొమ్మల పగడం పెద్దావిడ. పదకొండేళ్ల క్రితం గోరంత ముక్క తెచ్చి పెట్టాను. ఇప్పుడు ముప్ఫై ఒక్క తలలతో కాలీఫ్లవర్ అంత అయింది. పొద్దున దీపం వెలగగానే ఒక్కో తలలోంచి ఆకుపచ్చ వేళ్లు బయటికి వచ్చి ఊగుతాయి. ఆ తొట్టెలో మిగతావన్నీ పోయినా నేను తట్టుకుంటాను, ఆవిడ పోతే తట్టుకోలేను.

మీ అక్కని మాత్రం దగ్గరికి రానివ్వకు. పొద్దస్తమానం నర్సరీలో ఎరువుల్లో చేతులు పెట్టి ఉంటుంది. ఆ చేతులు ఉప్పునీళ్లలో పడితే నా కొంప మునుగుతుంది. బయల్దేరేటప్పుడు ఆ మాటే అన్నాను. మీ తొట్టె జోలికి వస్తే ఒట్టు అని మూతి ముడుచుకుంది. అప్పట్నుంచి మా మధ్య మాటల్లేవు. కాబట్టి అటువైపు నుంచి భయం లేదు గానీ, ఓ కన్నేసి ఉంచు.

ఇట్లు,
మీ బావ

తా.క.: మీ అక్క క్షేమమేనా? నేను అడిగానని చెప్పకు.


ఇంటి నుంచి,
బుధవారం

పూజ్యులైన బావగారికి,

బావమరిది నమస్కరించి రాయునది. ప్యానెల్ వచ్చింది, బిగించాను. రసమట్టంలో బుడగ ఠీవిగా మధ్యలో నిలబడింది. మీరు చూసి ఉంటే నన్ను సొరంగం పనికి తీసుకుపోయేవారు.

కానీ బావగారూ, దుకాణం వాడు మిమ్మల్ని నిలువునా ముంచాడు. ఈ ప్యానెల్‌లో పస లేదు. మా నాటకాల్లో లైటు బలం తెలియాలంటే మీటర్లూ గీటర్లూ పెట్టం, చెంప పెడతాం. చెంప చురుక్కుమంటే లైటు ఉన్నట్టు లెక్క. మా గురువుగారి ఎడమ చెంప కుడి చెంపకన్నా రెండు ఛాయలు నలుపు. అదే పద్ధతిలో మీ తొట్టె మీదకి వంగి నీళ్ల దగ్గర చెంప పెట్టాను. చల్లగా ఉంది. సగానికి పెంచాను, అప్పుడూ చల్లగానే ఉంది. చివరికి నీలం, తెలుపు రెండూ ఆఖరిదాకా తిప్పేశాను. గోరువెచ్చన కూడా కాలేదు. ఏం చేస్తాం, డబ్బు పోసి కొన్నారు, ఉన్నంతలో సర్దుకున్నాను.

మీరు నెమ్మదిగా పెంచమన్నారని సున్నా నుంచి ఆఖరిదాకా తిప్పడానికి మూడు నిమిషాలు తీసుకున్నాను. నా సర్వీసులో అంత నెమ్మదిగా ఎప్పుడూ పెంచలేదు. రాజు ప్రాణం పోయే సీనుకి కూడా నలభై సెకన్లే ఇస్తాం.

ఫలితం మాత్రం బ్రహ్మాండం. వారం తిరిగేసరికి పెద్దావిడ దశ తిరిగింది. ఇన్నాళ్లూ ఆవిడ ఒంటికి ఆకుపచ్చగా, గోధుమరంగుగా ఏదో మడ్డి పట్టి ఉండేది కదా, అదంతా వదిలిపోయింది. ఇప్పుడు ఉతికి ఆరేసినట్టు తెల్లగా మెరిసిపోతోంది. ఆ వేళ్లలాంటివి కూడా లోపలికి ముడుచుకుని పద్ధతిగా కూర్చుంది. పదకొండేళ్ల మీ కష్టం ఇప్పటికి పైకి కనబడుతోంది.

అక్క ఒకసారి గుమ్మంలో నిలబడి చూసి, అది వడిలినట్టు లేదూ అంది. అది మొక్క కాదక్కా, జంతువు, బావ నాకు అంతా చెప్పారు అన్నాను. వెంటనే నర్సరీకి వెళ్లిపోయింది. మీరు చెప్పినట్టే కన్నేసి ఉంచాను.

ఇట్లు,
మీ విధేయుడైన బావమరిది

తా.క.: ఎదురింటివాళ్లు మందపాటి కర్టెన్లు కుట్టించుకున్నారు. మన కిటికీలోంచి పడే వెలుగుకి వాళ్లింట్లో పాలు కూడా నీలంగా కనిపిస్తున్నాయట.

మరో తా.క.: ఇసుక తవ్వే చిన్న చేప, మీరు మేస్త్రీ అని పిలిచేది, రాయి వెనక గొయ్యి తీసుకుని అందులోంచి బయటికి రావడం లేదు. కాస్త మొహమాటస్థుడు అనుకుంటాను.


సొరంగం క్యాంపు,
శనివారం

ఒరేయ్ బావమరిదీ,

ఆశీర్వాదాలు తర్వాత. లారీ బానెట్ మీద కాగితం పెట్టి రాస్తున్నాను, డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. ముందు నువ్వు లేచి వెళ్లి రెండు నాబ్‌లూ ఇరవైకి దించు. దించాక వచ్చి మిగతాది చదువు.

దించావా? ఇప్పుడు విను. పెద్దావిడ శుభ్రపడలేదు, చావుబతుకుల్లో ఉంది. నువ్వు మడ్డి అన్నది ఆవిడ ప్రాణం. పగడం జంతువే, కానీ దాని ఒంట్లో కంటికి ఆననంత చిన్న నాచు కాపురం ఉంటుంది. ఆ నాచు వెలుతురుతో వండిపెడితే పగడం తిని బతుకుతుంది. వెలుతురు ఒక్కసారిగా మీద పడేసరికి ఆ నాచుని పగడమే బయటికి గెంటేస్తుంది. వండిపెట్టే మనిషిని వెళ్లగొట్టి ఖాళీ కంచం ముందు కూర్చున్నట్టు. అలా కొన్ని వారాలు గడిస్తే అంతే సంగతులు.

నెమ్మదిగా అంటే మూడు నిమిషాలు కాదురా, మూడు నెలలు. ఇరవైతో మొదలుపెట్టి వారానికి అయిదు చొప్పున పెంచాలి. ఆ అంకె రాయడం మర్చిపోయింది నేనే, ఒప్పుకుంటున్నాను. సర్వేయర్‌ని అయ్యుండి అంకె మర్చిపోయాను. కానీ ఎల్‌ఈడీకి వేడి ఉండదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇంకెప్పుడూ నా తొట్టె మీద చెంప పెట్టకు.

నాకిక్కడ కాళ్లూ చేతులూ ఆడటం లేదు. ఆవిడ లేని ఆ గదిలోకి నేను అడుగుపెట్టలేను. ఏం చేస్తావో నాకు తెలియదు, బతికించాలి. మధ్యలో వదిలేస్తే ఊరుకునేది లేదు.

మీ అక్కకి చెప్పకు. నేనేమీ ముట్టుకోలేదుగా అని ఒకే ఒక్క మాట అంటుంది. ఆ మాట నాకు ఈ కొండ మీదకి కూడా వినిపిస్తుంది.

ఇట్లు,
బావ

తా.క.: వడిలినట్టుంది అని మీ అక్క సరిగ్గానే పోల్చింది. ఇది అసలే చెప్పకు.

మరో తా.క.: మేస్త్రీది మొహమాటం కాదు. కళ్లు పోతాయని దాక్కున్నాడు.


ఇంటి నుంచి,
గురువారం

పూజ్యులైన బావగారికి,

బావమరిది నమస్కరించి రాయునది. మీ ఉత్తరం అందింది. నాబ్‌లు దించాను. నిజానికి మీ ఉత్తరం రావడానికి నాలుగు రోజుల ముందే దించాను. చూస్తే తెలియదా ఏమిటి.

దించి ఊరుకోలేదు. ప్యానెల్‌కీ నీళ్లకీ మధ్య నల్లని షేడ్ నెట్ నాలుగు పొరలు కట్టాను. మీ ఇరవై మీద నాకు నమ్మకం లేదు. కొత్త దీపంలో ఇరవై అంటే పాత దీపంలో ఎంతో మీకూ తెలియదు, నాకూ తెలియదు. నెట్ అయితే చేత్తో పట్టుకుని పొరలు లెక్కపెట్టుకోవచ్చు. నీడలో పెరిగిన నారుని ఉన్నట్టుండి ఎండలో పెడితే ఆకు మాడిపోతుంది. అందుకే పొరలు కప్పి, పది రోజులకొకటి తీస్తూ పోవాలి. మొక్క దానంతటది ఎండకి అలవాటు పడుతుంది. మా నాటకాల్లో కూడా ఇంతే. తెర, లైటు, వగైరా.

ఒంట్లో వండిపెట్టేవాళ్లు లేరు కాబట్టి బయట్నుంచి పెడుతున్నాను. రొయ్యని మెత్తగా నూరి, సూది తీసేసిన సిరంజితో ఒక్కో తల మీదా రెండేసి చుక్కలు వేస్తున్నాను. ముప్ఫై ఒక్క తలలకి నలభై నిమిషాలు పడుతుంది. ఈలోగా మేస్త్రీ వచ్చి ఎత్తుకుపోకుండా రెండో చేత్తో గరిటె అడ్డం పెట్టాలి. మొదటి రోజు రెండు తలలు తిన్నాయి. నిన్న తొమ్మిది తిన్నాయి. తినేదాన్ని చావనివ్వను, మీరు బెంగపెట్టుకోకండి.

వండిపెట్టే మనిషి గురించి మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆ మనిషిని గెంటేస్తే ఇల్లు ఏమవుతుందో మీకు ఇంత బాగా తెలుసని నేను అనుకోలేదు.

ఇట్లు,
మీ విధేయుడైన బావమరిది

తా.క.: అక్క క్షేమం. మీరు అడిగారని నేను చెప్పలేదు. ఆవిడే తెలుసుకుంది.

మరో తా.క.: ఎదురింటివాళ్లు కర్టెన్లు తీసేశారు. పాలు తెల్లబడ్డాయట.


సొరంగం క్యాంపు,
శనివారం

చిరంజీవి బావమరిదికి,

బావ రాయునది. నీ ఉత్తరం చదివి, మడిచి, మళ్లీ విప్పి చదివాను. నాకు అనుమానంగా ఉంది. నల్లటి నెట్ నాలుగు పొరలు ఎందుకు కప్పుతారు? లోపల ఉన్నది కనపడకుండా కప్పుతారు. పెద్దావిడ పోయిందా? పోతే పోయిందని రాసెయ్యి. నేను ఇక్కడ గట్టిగా ఉన్నాను. అంటే ఉండను, కానీ నువ్వు రాయి.

పోలేదంటావా, అయితే నా ప్రశ్నలకి జవాబు చెప్పు. ఆ నెట్ ఎక్కడిది? మన వీధిలో షేడ్ నెట్ ఉండేది ఒక్కచోటే, మీ అక్క నర్సరీలో. దాని మీద పురుగుమందు ఎన్నిసార్లు కొట్టి ఉంటారో లెక్క ఉందా? ఒక్క చుక్క కారి నీళ్లలో పడితే చాలు. పైగా నారు అన్నావు, ఆకు మాడుతుంది అన్నావు. నువ్వు జన్మలో మొక్క నాటినవాడివి కాదు. మా పెళ్లిరోజుకి ప్లాస్టిక్ పూలు తెచ్చి, వాటికి వారం రోజులు నీళ్లు పోసినవాడివి. ఇదంతా మీ అక్క నీ చెవిలో ఊదుతోందని నాకు తెలియదా?

సరే, ఊదనీ. ఆవిడ మాటల్లో పనికొచ్చేది ఉంటే విను. చెయ్యి మాత్రం పెట్టనివ్వకు.

నాకు కబుర్లు వద్దు, కొలతలు కావాలి. తలలకి ఒకటి నుంచి ముప్ఫై ఒకటి దాకా నంబర్లు వేసుకో. ఏది తింది, ఏది తినలేదు, ఏ పూట ఎంత తెరుచుకుంది, అన్నీ రాసి పంపు. రంగు సంగతి నోటి మాటగా చెప్తే నమ్మను. పెయింట్ల దుకాణానికి వెళ్లి షేడ్ కార్డు తెచ్చుకుని, అద్దానికి ఆనించి పోల్చు. ఒక్క తల మీద ఒక్క చుక్క ఆకుపచ్చ వచ్చినా నాకు తెలియాలి.

నిన్న కొలతలు తీస్తూ ఒక గీత తప్పు గీశాను. పదిహేనేళ్లలో మొదటిసారి. మా ఇంజనీరు ఇంట్లో అంతా కులాసాయేనా అని అడిగాడు. ఇంట్లో పెద్దావిడకి బాగాలేదని చెప్పాను. పాపం, ఆయన టోపీ తీశాడు.

ఇట్లు,
బావ

తా.క.: నీ చేతిరాత బాగుపడిందిరా. ఇంతకుముందు కోడి కెలికినట్టు ఉండేది. ఇప్పుడు చూడముచ్చటగా ఉంది. ఇలాగే రాస్తూ ఉండు.


ఇంటి నుంచి,
శుక్రవారం

పూజ్యులైన బావగారికి,

బావమరిది నమస్కరించి రాయునది. చేతిరాత గురించి మీరు అన్నమాటకి చాలా సంతోషం కలిగింది. ఎంత సంతోషమో ఇక్కడ రాయలేను.

పెద్దావిడ బతికే ఉంది. నెట్ కొత్తది, బండిల్ విప్పి ఇంట్లో పంపు కింద మూడుసార్లు ఉతికాను. నిన్న రెండో పొర కూడా తీశాను, ఇంకా రెండున్నాయి. మీరడిగిన పట్టిక దీనితో పెట్టాను, నాలుగు పేజీలు వచ్చింది. క్లుప్తంగా చెప్పాలంటే, ఇరవై రెండు తలలు తింటున్నాయి. అయిదు తలల అంచుల్లో జీలకర్ర గింజంత ఆకుపచ్చ తిరిగి వచ్చింది. మొదట నా కళ్లే నన్ను మోసం చేస్తున్నాయేమో అనుకుని, కార్డు పెట్టి చూశాను. వచ్చింది బావగారూ, నిజంగా వచ్చింది.

ఇప్పుడు రాసేది కూర్చుని చదవండి. పదిహేడో తల కరిగిపోవడం మొదలైంది. గోధుమరంగు జిగురు పట్టి, దుర్వాసన వేసింది. పక్కనే ఉన్న పదహారుకీ, పద్దెనిమిదికీ అంటుకునేలా ఉంది. కొమ్మకి కుళ్లు పడితే ఏం చెయ్యాలో అదే చేశాం. మొదలంటా కత్తిరించేశాం. అక్క గులాబీలు కత్తిరించే కత్తెరని పది నిమిషాలు మరిగే నీళ్లలో ఉంచి వాడాం. కొమ్మ తెగిన చప్పుడు అద్దంలోంచి కూడా వినిపించింది. తెగిన కొమ్మని గిన్నెలో వేసి కాసేపు స్టూలు మీద కూర్చున్నాను. కానీ పదహారూ, పద్దెనిమిదీ నిలబడ్డాయి. ఈ పూట రెండూ తిన్నాయి.

అవును, అక్క చేతులు తొట్టెలోకి మోచేతుల దాకా వెళ్లాయి. ఏమీ కాలేదు. మీరు రాశారు, ఊదనీ గానీ చెయ్యి పెట్టనివ్వకు అని. అడుగుతున్నాను, ఏమిటి ఆ చేతులకి? పందొమ్మిదేళ్లుగా ఆ చేతులతో వండిందే తింటున్నారు. ఎప్పుడైనా ఒంట్లో బాగా లేకపోతే నుదుటి మీద ఆ చేతులే పెట్టించుకుంటారు. తొట్టె దగ్గరికి వచ్చేసరికి మాత్రం అవి ఎరువు చేతులైపోయాయా? జవాబు కావాలి. తమ్ముడిగా అడుగుతున్నాను.

ఇట్లు,
మీ విధేయుడైన బావమరిది

తా.క.: షేడ్ కార్డులో ఈ ఆకుపచ్చ పేరు 'ప్రశాంత ఉదయం'. ఎవరికి ప్రశాంతమో మరి.


సొరంగం క్యాంపు,
శనివారం

బావమరిదికి,

కత్తెర అన్న మాట దగ్గరే ఆగిపోయాను. క్యాంపు వంటాయన వచ్చి నీళ్లు ఇచ్చి, ఏమైంది సార్ అన్నాడు. పెద్దావిడకి ఆపరేషన్ అయిందని చెప్పాను. ఇందాక మెస్సులో భోజనాల దగ్గర నా ముందు ఎవరూ కూరలో ఉప్పు తక్కువైందని కూడా అనలేదు, అంతా నా వంక జాలిగా చూశారు.

నేను వచ్చేస్తున్నాను. ఆఫీసు పనికి తప్ప ముట్టుకోనివ్వని వైర్‌లెస్‌లో హెడ్డాఫీసుకి చెప్పించి సెలవు అడిగాను. వారం ఇచ్చారు. వచ్చే లారీలో దిగుతాను. అప్పటిదాకా ఆ గదికి తాళం వెయ్యి, తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో. నీ రాత చూస్తుంటే మీ అక్క నిన్ను పూర్తిగా తనవైపు తిప్పుకుందని అర్థమవుతోంది. ఒకప్పుడు నా మనిషివి.

చేతులకి ఏమిటి అని అడిగావు. అడిగావు కాబట్టి చెప్తాను. ఇది మన ఇద్దరి మధ్యే ఉండాలి. ఎరువు అన్నది వంక. మీ అక్క ఎండుపుల్ల గుచ్చినా చిగురేస్తుంది. నేను నాటింది ఒక్కటీ బతకలేదు. పెళ్లయిన కొత్తలో సాయం చేస్తానని నర్సరీకి వెళ్లి, నీళ్లు ఎక్కువ పోసి వంద గులాబీ మొక్కల్ని చంపాను. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది. పెద్దావిడ ఒక్కటే నా చేతుల్లో పెరిగింది. మీ అక్క ఒక్కసారి చెయ్యి పెడితే ఇంకా బాగా పెరుగుతుందని నాకు మొదట్నుంచీ తెలుసు. అలా పెరిగితే ఇక నేను పెంచానని చెప్పుకోవడానికి నాకంటూ ఏమీ మిగలదు. ఇదీ అసలు సంగతి. రాస్తుంటే సిగ్గుగా ఉంది, అయినా కొట్టెయ్యను.

ఇంకొకటి. పదిహేడుని కత్తిరించకపోతే పదహారూ, పద్దెనిమిదీ పోయేవి. అది నాకూ తెలుసు. నేనే అక్కడ ఉంటే కత్తెర పట్టుకుని చూస్తూ నిలబడేవాణ్ని, మొత్తం పోయేదాకా.

ఇట్లు,
బావ

తా.క.: గదికి తాళం వెయ్యమన్నాను. ముప్ఫై తలలకీ వేళకి తిండి పెట్టడం మాత్రం మానొద్దు. తాళం వేసి తిండి ఎలా పెడతావో నువ్వే చూసుకో.

మరో తా.క.: మీ అక్కకి ఏమైనా తేవాలా? ఇక్కడ రాళ్లు తప్ప ఏమీ దొరకవు. మంచి రాయి చూసి ఉంచాను.


ఇంటి నుంచి,
గురువారం

శ్రీవారికి,

మీ భార్య నమస్కరించి రాయునది. ఈ ఉత్తరం తెచ్చిన లారీలోనే మీరు దిగివస్తారు కాబట్టి, ముందుగా తెలియాల్సినవి రాస్తున్నాను.

మీ బావమరిది ఇక్కడ లేడు. ఆరు వారాల నుంచి లేడు. పెద్దావిడ మెరిసిపోతోందని మీకు గొప్పగా రాసి పోస్టు చేసిన మర్నాడు, ప్యానెల్ ఎలా వెలుగుతోందో అడిగి వెళ్దామని దుకాణం ఆయన వచ్చాడు. తొట్టెలోకి చూసి తల పట్టుకున్నాడు. వెలుతురుకి మాడిపోతోందమ్మా, ముందు తగ్గించండి అన్నాడు. ఆ మధ్యాహ్నమే మా తమ్ముడు నాటకం కంపెనీతో పరాయి ఊళ్లు పట్టుకుపోయాడు. బల్ల మీద చీటీ ఒకటి వదిలాడు. 'అక్కా, తొట్టె చూస్తూ ఉండు, ఏదీ ముట్టుకోకు, బావకి కోపం వస్తుంది' అని ఉంది అందులో.

మీ ఉత్తరం వచ్చేసరికి ఇంట్లో ఉన్నది నేను, పెద్దావిడ, మేస్త్రీ. ముగ్గురిలో చదువొచ్చినదాన్ని నేనే కాబట్టి విప్పి చదివాను. జవాబు కూడా నేనే రాశాను. ఆ తర్వాతదీ నేనే రాశాను. నా పేరుతో రాస్తే మీరు వాదిస్తారు. వాడి పేరుతో రాస్తే తిడతారు గానీ, వింటారు. పెద్దావిడకి అప్పుడు వాదనలకి టైము లేదు.

మొదటి ఉత్తరం దొరికిపోతానేమో అని బిక్కుబిక్కుమంటూ రాశాను. చేతిరాత బాగుపడిందని మెచ్చుకున్నారు. పందొమ్మిదేళ్లలో మీరు నన్ను నోరారా మెచ్చుకున్నది అదొక్కసారే, అదీ మా తమ్ముడి ఖాతాలో.

మీ పోయిన ఉత్తరం తొట్టె ముందు కూర్చుని చదివాను. మీ మీద కోపంతో రగిలిపోతూ మొదలుపెట్టాను, చివరికి ఏడుస్తూ ముగించాను. వంద కాదండీ, నూట నలభై గులాబీలు. పోయినందుకు నాకేమీ బాధ లేదు, నర్సరీలో మొక్కలు పోతూనే ఉంటాయి. మీరు రోజూ పొద్దున్నే వచ్చి వాటి ముందు నిలబడి, చిగురొచ్చిందా అని వంగి చూసేవారు. నాకు అది బాగుండేది. అవి పోయాక మీరు నర్సరీకి రావడం మానేశారు. నా బాధల్లా దానికే. ఆ మాట మీతో అనడం నాకు చేతకాలేదు.

పెద్దావిడ సంగతికి వస్తాను. నేను బతికించానని మీరు అనుకుంటారు. కొంత నిజమే. కానీ అంత వెలుతురు రోజుల తరబడి మీద పడినా ప్రాణం నిలుపుకుందంటే, పదకొండేళ్లు మీరు పెంచిన బలమే నిలబెట్టింది. బలహీనమైనదైతే మూడో రోజుకే రాలిపోయేది. ఇది నర్సరీ మనిషిగా చెప్తున్నాను, భార్యగా చెప్పే మాటలు వేరే ఉన్నాయి, అవి ఉత్తరంలో రాసేవి కావు.

ఇప్పుడు ముప్ఫై తలల్లో ఇరవై ఎనిమిది తింటున్నాయి. పొద్దున దీపం వెలిగించాక పద్నాలుగు తలల్లోంచి వేళ్లు బయటికి వచ్చి ఊగుతున్నాయి. మీరు చెప్పిన ఆకుపచ్చ ఇదేనని ఇప్పుడు తెలిసింది, ఇన్నేళ్లూ గుమ్మంలోంచే చూశాను కదా. మూడు పొరలు తీసేశాను. ఒక్కటే మిగిలింది. వచ్చే ఆదివారం తీయాలి.

అది నేను తీయను. మీరే వచ్చి తీయండి. భయమేస్తే పక్కన నిలబడతాను. చేతులు కడుక్కునే ఉంటాను.

ఇట్లు,
మీ ఎరువు చేతులావిడ

తా.క.: రాయి తీసుకురండి. తొట్టెలో పెట్టడానికి కాదు, నాకే కావాలి.

మరో తా.క.: వారం సెలవు చాలదు. ఆఖరి పొర తీశాక పదిహేను రోజులు దగ్గరుండి చూసుకోవాలి. అందుకని సెలవు మూడు వారాలకి పెంచమని కోరుతూ మీరు హెడ్డాఫీసుకి ఒక ఉత్తరం రాశారు. నేనే వెళ్లి ఇచ్చి వచ్చాను. మంజూరు చేశారు. మీ సంతకం ఒక్కటే కుదరడానికి రెండు రోజులు పట్టింది.